మంట ఎంత వ్యవధి ఇస్తుంది?

సత్తుపల్లి ఆర్టీసీ డిపో గ్యారేజీకి వెళ్లి, ఆగివున్న బస్సులో నేను మొదట చూసింది వెనక కుడిపక్కనున్న అత్యవసర ద్వారం. తలుపు పిడి, పక్కనే సీటు, ఆ రెంటికీ నడుమ మనిషి ఒరిగి దూరాల్సినంత సందు. తలుపు ఉందో లేదో తనిఖీలో తెలుస్తుంది. గుద్దుకున్నాక ఆ సందును మంట ఎన్ని సెకన్లలో మూసేస్తుందో మాత్రం నిజం బస్సును గుద్దించి చూస్తేనే తెలుస్తుంది. 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర కల్వర్టును ఢీకొన్న వోల్వో బస్సులో 45 మందిని బలిగొన్నది మంటే.

విమానాల విషయంలో ఆ పని చేసి చూశారు. 1984 డిసెంబరు 1న కాలిఫోర్నియాలోని ఎడ్వర్డ్స్‌లో నాసా, అమెరికా విమానయాన శాఖ కలిసి బోయింగ్ 720ని నేల మీదినుంచే నడిపి, సీట్లలో బొమ్మలను కూర్చోబెట్టి, కావాలనే కూల్చాయి. చిన్న పరీక్షల్లో మంటను బాగా అదుపుచేసిన ప్రత్యేక ఇంధనం దాని ట్యాంకుల్లో ఉంది. కానీ ఎడమ రెక్క ముందు నేలకు తగిలి విమానం పక్కకు తిరిగింది. రెక్కలను చీల్చడానికి నాటిన ఇనుప కత్తుల్లో ఒకటి ఇంజనులోకి దిగింది. అగ్నిగోళం లేచింది, ఆర్పడానికి గంటకు పైనే పట్టింది. పథకం తప్పింది కాబట్టి పరీక్ష వృథా అనేవాళ్లున్నారు. నిజం ప్రమాదం మాత్రం పథకం ప్రకారం జరుగుతుందా? ఆ ఇంధనాన్ని తప్పనిసరి చేసే ఆలోచనను విరమించుకున్నారంటే, ఆ ఒక్క ఉదయం చలవే.

జరిగే ప్రమాదాలే నేర్పుతున్నాయి కదా, ఇంత ఖర్చెందుకు అనవచ్చు. 2010లో మంగళూరులో రన్‌వే దాటి పడి తగలబడ్డ బోయింగ్ 737లో 166 మందికి ఎనిమిది మందే మిగిలారు. 2020లో కోళికోడ్‌లో అలాగే పడి ముక్కలైనా మంటలంటుకోని విమానంలో 190 మందికి 21 మంది పోయారు. తేడా ఎక్కడుందో తెలుస్తూనే ఉంది. కానీ ఏ సీటు దగ్గర ఏ సెకనుకు ఎంత వేడి, ఎంత పొగ అన్నది బూడిద చెప్పదు. కంప్యూటర్ లెక్కలు చాలవా అంటే, ఆ లెక్కలను సరిచూడటానికైనా కొలిచిన ప్రమాదం ఒకటి కావాలి. మన బస్సుల పల్టీ పరీక్షకు బాడీలో ఒక భాగమో, లెక్కలో సరిపోతాయని నిబంధన. పైగా అది పైకప్పు బలాన్ని చూస్తుంది, మంటను కాదు. ఆర్టీసీ ఏటా బస్సులను తుక్కుకు అమ్ముతుంది. వాటిలో కొన్నింటికి థర్మామీటర్లు, కెమెరాలు బిగించి, ట్యాంకులో డీజిలు పోసి, గోడకు గుద్దించమని అడుగుతున్నాను.