డెల్టా దారికి పదిహేడు అంగుళాల చక్రం

రాజమహేంద్రవరాన్ని ఒరుసుకుంటూ పోయే 16వ నంబరు జాతీయ రహదారి పక్కన, మోరంపూడి, లాలాచెరువు కూడళ్ల పరిసరాల్లో, లారీ టైర్ల వ్యాపారంతోబాటు కార్లకు అల్లాయ్ చక్రాలు బిగించే పని కూడా సాగుతుంది. అటువంటి దుకాణాన్ని సందర్శించినవారి కళ్లు మొదట గోడకు వేలాడే రిమ్ముల మీద నిలుస్తాయి గాని, పనివారి చూపు మాత్రం వచ్చిన కారు పాత టైరు మీద అచ్చుపడిన అంకెలను వెతుకుతుంది. రెండు తలుపుల అసలు స్పోర్ట్స్ కారు ఈ ప్రాంతంలో అరుదు. ఆ పేరుకు ఇక్కడ దగ్గరగా నిలిచేది ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ వంటి, 150 హార్స్‌పవర్ ఇచ్చే టర్బో సెడాన్ కనుక, పెద్ద చక్రాల లెక్కను ఆ బండి ఆధారంగా పరిశీలించడం సమంజసం.

ఆ కారుకు కంపెనీ ఇచ్చిన టైరు సైజు 205/55 ఆర్ 16. ఇందులో 205 టైరు వెడల్పును మిల్లీమీటర్లలో చెబుతుంది. 55 అనేది సైడ్‌వాల్ ఎత్తు, అంటే రిమ్ము అంచు నుంచి నేలను తాకే పట్టీ దాకా ఉండే రబ్బరు గోడ ఎత్తు, ఆ వెడల్పులో ఎంత శాతమో తెలుపుతుంది. ఆర్ అన్న అక్షరం టైరు లోపలి దారాలు ఒక అంచు నుంచి మరో అంచుకు అడ్డంగా సాగే రేడియల్ నిర్మాణాన్ని, చివరి 16 రిమ్ము వ్యాసాన్ని అంగుళాల్లో సూచిస్తాయి. మిల్లీమీటరు, శాతం, అంగుళం ఒకే వరుసలో కూర్చోవడం వింతే అయినా లెక్క సులభం: 205లో 55 శాతమైన 112.75 మి.మీ.ను రెట్టింపు చేసి, 16 అంగుళాలకు సమానమైన 406.4 మి.మీ.కు కలిపితే చక్రం మొత్తం వ్యాసం సుమారు 632 మి.మీ. అవుతుంది. స్పీడోమీటరు, గేర్ల నిష్పత్తి, బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ అన్నీ ఈ వ్యాసాన్ని నమ్ముకొని రూపొందినవి కనుక, రిమ్ము ఎంత పెరిగినా మొత్తం ఈ అంకెకు దగ్గరగా నిలవాలి.

దీని ప్రకారం 225/45 ఆర్ 17 వేస్తే వ్యాసం 634 మి.మీ., 225/40 ఆర్ 18 వేస్తే 637 మి.మీ.; రెండూ ఒక శాతం తేడాలోపే ఉన్నాయి. మధ్య అంకెను పట్టించుకోకుండా 225/50 ఆర్ 17 తెచ్చి బిగిస్తే మాత్రం వ్యాసం 657 మి.మీ.కు చేరి, స్పీడోమీటరు ఒకే అంకె చూపుతున్నా బండి మునుపటికంటే దాదాపు 4 శాతం ఎక్కువ వేగంతో పోతుంది, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపలి మడ్‌గార్డుకు రాసుకునే ప్రమాదమూ ఏర్పడుతుంది.

సైజు కుదిరినంత మాత్రాన రిమ్ము కుదరదు. బోల్టు రంధ్రాల కేంద్రాలను కలుపుతూ గీసిన వృత్తం వ్యాసాన్ని పీసీడీ అంటారు. వర్టస్‌కు అయిదు రంధ్రాలు 100 మి.మీ. వృత్తంలో ఉండగా, అదే కంపెనీ జెట్టాకు 112 మి.మీ. వృత్తంలో ఉంటాయి కాబట్టి, కంపెనీ ఒక్కటే కదా అని కొన్న రిమ్ము హబ్బు మీద కూర్చోదు. రిమ్ము మధ్యరేఖకూ, హబ్బుకు ఆనే ముఖానికీ నడుమ దూరమైన ఆఫ్‌సెట్ 10 మి.మీ. తగ్గితే చక్రం అంతే బయటికి జరుగుతుంది. చూడటానికి ఠీవిగా ఉన్నా బేరింగుల మీద భారం పెరుగుతుంది.

గిరాకీలు అంతగా అడగని అంకె లోడ్ ఇండెక్స్, అంటే ఒక్కో టైరు మోయగల బరువుకు గుర్తు. 91 అంటే 615 కిలోలు, 92 అంటే 630 కిలోలు. 18 అంగుళాల సన్నని టైరుకు 92 అని ఉండటం చూసి పాతదానికంటే బలమైనదనుకోవడం పొరపాటు, ఎందుకంటే ఆ సైజు సాధారణంగా ఎక్స్‌ట్రా లోడ్ రకంలో వస్తుంది, ఆ రకం తన పూర్తి బరువును సాధారణ టైరు కంటే ఎక్కువ గాలి పట్టించినప్పుడే మోస్తుంది. పాత అలవాటు ప్రకారం గాలి కొట్టించి, అయిదుగురిని, సామానును ఎక్కించుకుని మే నెల ఎండలో ప్రయాణించేవారి టైరు లోలోపల వేడెక్కుతూ ఉంటుంది.

అయితే డెల్టాలో నిర్ణయాన్ని శాసించవలసింది సైడ్‌వాల్ ఎత్తే. అది 16 అంగుళాల టైరుకు 113 మి.మీ., 17కు 101, 18కు 90. ఒండ్రు బంకమట్టి వానకు ఉబ్బి, ఎండకు బీటలువారి కుంగుతుంది కనుక, కాలువ గట్ల మీది రోడ్ల అంచులు తెగి నిలువుగా దిగిపోతాయి. చేపల, రొయ్యల లారీల నుంచి కారే నీరు తారును తడిపి గుంతలను దాచేస్తుంది. కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యాన్ని తప్పించబోయి చక్రాన్ని అంచు దింపక తప్పని చోట్లు ఎన్నో. అటువంటి అంచుకు సన్నని టైరు తగిలినప్పుడు రబ్బరు రిమ్ముకూ రాతికీ మధ్య నలిగి లోపలి దారాలు తెగుతాయి, ఆ తెగినచోట గాలి చొరబడి పక్కన బుడగ లేస్తుంది. దానికి మరమ్మతు లేదు, టైరు మార్చడమే మార్గం. ఇనుప రిమ్ము వంగితే సుత్తితో సరిచేయవచ్చు గాని, పోతపోసిన అల్లాయ్ రిమ్ము పగులుతుంది, వెల్డింగు చేసినదాన్ని హైవే వేగంలో నమ్మడం వివేకం కాదు. ఫార్ములా వన్ సైతం 2022లో 13 అంగుళాల నుంచి 18 అంగుళాలకు మారిందని యువకులు వాదిస్తారు. ఆ పందెపు బాటలో రావులపాలెం నుంచి అమలాపురం పోయే దారిలోని గుంతలు ఉండవు.

కాబట్టి ఈ బండికి ఇక్కడ 17 అంగుళాలే హద్దు. దానితో వ్యాసం రెండు మిల్లీమీటర్లే మారుతుంది కనుక, పాత చక్రాల్లో ఒకదాన్ని స్టెప్నీగా ఉంచుకుంటే అది అత్యవసరానికి ఇబ్బంది లేకుండా సరిపోతుంది. కాకపోతే బయటి అల్లాయ్‌లతో వచ్చే బోల్టుల పొడవు, తల ఆకారం వేరుగా ఉండవచ్చు కాబట్టి కంపెనీ బోల్టులను డిక్కీలోనే భద్రపరచాలి. కొత్తగా బిగించినవాటిని మొదటి 50, 100 కిలోమీటర్ల తర్వాత మరోసారి టార్క్ రెంచితో సరిచూడాలి.