స్లాబుకి నీళ్లు, పంటికి వెలుగు

ఉగాది రోజు మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది.

"ఒరే నాన్నా, పన్ను ఊడిపోయిందిరా."

గొంతులో ఏడుపు లేదు, కోపమూ లేదు. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. ఏదో కూరలో ఉప్పు తగ్గింది అన్నట్టు చెప్పింది.

ఊడింది నిజానికి పన్ను కాదు, పన్ను మీద అతికించిన సిరామిక్ ముక్క. బొబ్బట్టు కొరికితే దాంతోపాటే వచ్చేసిందట. అమ్మ దాన్ని కడిగి, కాగితంలో చుట్టి, పోపుల పెట్టెలో ఖాళీగా ఉన్న గిన్నెలో దాచింది. "పారెయ్యలేదులే. నీ డబ్బులు కదా" అంది.

సంక్రాంతికి పెట్టించాం దాన్ని. మూడు నెలలు కూడా నిలవలేదు.

మాది అడ్డతీగల. మన్యంలో ఉన్న ఊరు. విస్తళ్లు కుట్టే అడ్డాకు ఏ తీగ నుంచి వస్తుందో, ఆ తీగ పేరే మా ఊరి పేరులో ఉంది. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. వక్క కొరుకుతుంటే అమ్మకి పై వరసలో కోరపన్ను పక్కది సగం విరిగింది. అప్పటినుంచి నవ్వొచ్చినప్పుడల్లా కొంగు అడ్డం పెట్టుకునేది. వీడియో కాల్‌లో కూడా. అది చూడలేక "కాకినాడ తీసుకెళ్తా, పన్ను రంగులోనే కడతారు" అని నేనే వెంటపడ్డా. అమ్మకి పెద్ద ఇష్టం లేదు. నేను చెప్పాననే ఒప్పుకుంది.

ఆరోజు ఏం జరిగిందో ఇప్పుడు బాగా గుర్తుచేసుకుంటున్నా. క్లినిక్‌లో మా వంతు ఆలస్యమైంది. ఏలేశ్వరం మీదుగా అమ్మ ఇంటికి వెళ్లే బస్సు దాటిపోతే రాత్రికి కాకినాడలోనే ఉండిపోవాలి. నాకేమో రాత్రికి హైదరాబాద్ బస్సు. "సార్, కాస్త త్వరగా అయిపోతుందా? అమ్మకి బస్సుంది" అని నేను డాక్టర్ గారిని మూడుసార్లు అడిగా. మూడోసారి ఆయన మొహం చూశా కూడా. నీలి లైటు వెలిగింది, ఆరింది. ఎన్ని సెకన్లు వెలిగిందో, ఎన్ని వైపుల నుంచి పెట్టారో నాకు తెలీదు. నేను ఫోన్‌లో బస్సు ఎక్కడుందో చూసుకుంటున్నా.

ఉగాది తర్వాత సెలవు పెట్టి అమ్మని ఇంకో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లా. ఈవిడ ముక్కని, పన్నుని భూతద్దంలోంచి చాలాసేపు చూశారు. "అప్పుడు లైటు సరిగ్గా పెట్టలేదేమో కదండీ?" అని నేనే అందించా. ఆవిడ ఒప్పుకోలేదు. "అదొక్కటే అని ఇప్పుడు చెప్పలేం. అతికించేటప్పుడు తడి తగిలినా ఊడొచ్చు, కొరుకుడు సరిగ్గా పడకపోయినా ఊడొచ్చు. వెలుగు చాలకపోయినా ఊడొచ్చు. ఈ మూడింటికీ కావాల్సింది మాత్రం టైమే" అన్నారు.

నేను తల దించుకున్నా.

మీలో చాలామంది పళ్ల డాక్టర్ దగ్గర ఆ నీలి లైటు చూసే ఉంటారు. అదేదో ఆరబెట్టే లైటు అనుకుంటాం. కాదు. సిరామిక్ ముక్కని పంటికి పట్టి ఉంచేది రెజిన్ సిమెంట్ అనే మెత్తటి జిగురు. అందులో కాంఫర్‌క్వినోన్ అనే పసుప్పచ్చ పదార్థం చిటికెడు ఉంటుంది. పేరులోనే ఉంది చూడండి, మన కర్పూరానికి చుట్టమే. దానికి నీలి రంగు వెలుగంటే ఆకలి. ముఖ్యంగా 470 నానోమీటర్ల దగ్గరి వెలుగు. అది తగలగానే జిగురులోని చిన్న చిన్న అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని గొలుసులవుతాయి. మెత్తటిది రాయి అవుతుంది.

1970ల మొదట్లో దీనికి అతినీలలోహిత దీపాలు వాడేవారు. తర్వాత కంటికి కనిపించే నీలి వెలుగిచ్చే హాలోజన్ దీపాలొచ్చాయి. ఇప్పుడు ఎక్కువగా ఎల్‌ఈడీలే. ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీ తయారుచేసినందుకే అకాసాకి, అమానో, నాకామురాలకి 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. మీ ఫోన్ టార్చ్‌లో తెల్లగా కనిపించేది కూడా మామూలుగా నీలి ఎల్‌ఈడీయే, పైన పసుపు పూత ఉంటుంది అంతే.

ఇక్కడే ఉంది అసలు చిక్కు. జిగురు ఉండేది సిరామిక్ కింద. వెలుగు పెట్టేది సిరామిక్ పైన.

ఒక పని చేయండి. ఇంట్లో పింగాణీ కప్పు ఉంటే లోపల ఫోన్ టార్చ్ పెట్టి బయటినుంచి చూడండి. పల్చటి అంచు దగ్గర గోడ మెరుస్తుంది. కిందికి, మందంగా ఉన్న చోటికి వచ్చేసరికి మసకేస్తుంది. ముదురు రంగు కప్పయితే ఇంకా తక్కువ. పంటి మీది సిరామిక్ కూడా అంతే. మందం పెరిగేకొద్దీ, రంగు ముదిరేకొద్దీ, లోపలికి కనిపించనంత చిక్కగా ఉండేకొద్దీ కిందికి చేరే వెలుగు తగ్గిపోతుంది.

నాకు లెక్కలో చెబితేనే ఎక్కుతుంది. ఉదాహరణకి లైటు చదరపు సెంటీమీటరుకి 1000 మిల్లీవాట్లు ఇస్తోంది అనుకోండి. 20 సెకన్లకి 20 జౌళ్లు. మధ్యలో సిరామిక్ నాలుగోవంతే వదిలితే కింద జిగురుకి దక్కేది 5 జౌళ్లు. ఆ 20 సెకన్లని కూడా మనం తొందరపెట్టి 10 చేస్తే రెండున్నర. పైన సిరామిక్ మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. అద్దంలో చూసుకుంటే అంతా బాగానే ఉంటుంది.

అందుకే పల్చటి వెనీర్లకైతే వెలుగుతో మాత్రమే గట్టిపడే సిమెంట్ సరిపోతుంది. మందం ఎక్కువుంటే డ్యుయల్ క్యూర్ వాడతారు. అందులో వెలుగుతో పాటు, రెండు పేస్టులు కలవగానే మొదలయ్యే రసాయన చర్య కూడా ఉంటుంది. వెలుగు చేరని మూల కూడా అలా గట్టిపడుతుంది. "అలాగని లైటు మానేయకూడదు. వీటిలో చాలావాటికి రెండూ అందితేనే పూర్తి బలం వస్తుంది" అన్నారు మేడం.

అమ్మ ఇదంతా వింటూ కూర్చుంది. నేను అణువులు, జౌళ్లు అంటుంటే చివరికి ఒకటే అడిగింది. "అంటే స్లాబు లాగానా అండీ?"

మేడం ఒక్క క్షణం ఆగి నవ్వారు. "సరిగ్గా అదేనమ్మా. దీన్ని కూడా మేం క్యూరింగ్ అనే అంటాం."

మా ఇంటికి స్లాబు వేసినప్పుడు నేను తొమ్మిదో క్లాసు. పైన మట్టితో మళ్లు కట్టి, పొద్దునా సాయంత్రం బిందెలతో నీళ్లు మోసింది అమ్మే. నేను మర్నాడే పైకెక్కి తొక్కి చూసి "గట్టిపడిపోయింది కదమ్మా, ఇంకా నీళ్లెందుకు?" అన్నా. "పైకి గట్టిపడిందిరా. లోపల పచ్చిగా ఉంటుంది" అంది. అప్పుడు విన్నా, ఎక్కించుకోలేదు. వేసవికాలం, బోరింగు దగ్గర వరస, అయినా ఒక్కపూట మానలేదు.

స్లాబుకి నీళ్లు. పంటికి వెలుగు. రెండింటికీ కావాల్సినంత సేపు.

ఈసారి నేను ఫోన్ జేబులో పెట్టేశా. ముక్క పగల్లేదు కాబట్టి పాతదే వాడొచ్చన్నారు. లోపలి వైపు శుభ్రం చేసి, ఆసిడ్‌తో గరుకు చేసి, సిలేన్ అనే ద్రవం పూశారు. పంటి చుట్టూ తడి రాకుండా రబ్బరు షీటు కట్టారు. లైటు మొన మీద పాత జిగురేమైనా అంటుకుందేమో చూశారు. ఉంటే వెలుగు తగ్గుతుందట. చిన్న మీటర్ మీద లైటు పెట్టి ఎంత వస్తోందో కొలిచారు. నాకు కూడా నారింజ రంగు అద్దాలిచ్చి, "లైటు వైపు నేరుగా చూడకండి" అన్నారు. తర్వాత మొనని పంటికి దగ్గరగా, నిటారుగా పట్టుకుని పైనుంచి, బుగ్గ వైపు నుంచి, అంగిలి వైపు నుంచి వెలిగించారు. ఆ సిమెంట్‌కి కంపెనీ చెప్పింది ఒక్కో వైపు 20 సెకన్లు. పన్ను వేడెక్కకుండా మధ్యమధ్యలో గాలి కొట్టారు.

నేను లెక్కపెట్టా. అన్నీ కలిపి ఒక నిమిషం. సంక్రాంతికి నేను ఆదా చేద్దామనుకున్న టైము మహా అయితే ఆ నిమిషంలో సగం. దానికి బదులు అమ్మ రెండు వారాలు ఒక పక్కనే నమిలింది, మళ్లీ కొంగు అడ్డం పెట్టుకుంది, జీడిపిక్కల పని మానుకుని కాకినాడ దాకా వచ్చింది. శుక్రవారం సాయంత్రం టెస్ట్ చేయకుండా కోడ్ పంపించి, సోమవారం దాకా తిట్లు తిన్న అనుభవం నాకుంది. అక్కడ తిట్లు తినేది నేను. ఇక్కడ నమలలేకపోయింది అమ్మ.

పాత క్లినిక్‌ని నేనేమీ అనను. కుర్చీ పక్కన నిలబడి తొందరపెట్టింది నేనే.

మీరు గానీ, మీ ఇంట్లోవాళ్లు గానీ ఇలాంటిది పెట్టించుకుంటే మూడు అడగండి. ఏ సిమెంట్ వాడుతున్నారు, వెలుగుతోనే గట్టిపడేదా, డ్యుయల్ క్యూరా? ఎన్ని వైపుల నుంచి, ఎంతసేపు లైటు పెడతారు? మొదటిరోజు దేనికి జాగ్రత్తపడాలి? మర్యాదగా అడిగితే మంచి డాక్టర్ ఎవరూ విసుక్కోరు. అంతకంటే ముందు, ఆ రోజు వేరే పని పెట్టుకోకండి.

బయటికొచ్చేసరికి చీకటి పడింది. అమ్మ బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. నేను ముందే లాడ్జిలో గది తీసుకున్నా.

"నీ బస్సెప్పుడురా?" అంది అమ్మ.

"ఎల్లుండి."

అమ్మ నవ్వింది. చెయ్యి కొంగు దాకా వెళ్లి ఆగిపోయింది.