బొబ్బిలిని సర్దుకోవడం

టేబుల్‌టాప్ వార్‌గేమ్ అంటే ఏమిటని ఆఫీసులో ఎవరైనా అడిగితే, చదరంగానికి మునిమనవడు అని చెప్తుంటాను. 1780లో హెల్విగ్ అనే జర్మన్ గణితవేత్త చదరంగపు బల్లని పెద్దది చేసి, గళ్ళకి కొండలూ చెరువులూ అద్ది యుద్ధపు ఆట తయారు చేశాడు. 1824 నాటికి రైస్‌విట్జ్ అనే ప్రష్యా సైనికాధికారి గళ్ళు తీసేసి, మ్యాపు పరిచి, పాచికలు తెచ్చి, రెండు పక్షాల మధ్య ఒక అంపైర్‌ని కూర్చోబెట్టాడు. ఇప్పుడు మేం ఆడేది దాని వారసత్వమే. బల్ల మీద నేల పరుస్తాం, అంగుళం ఎత్తు బొమ్మల్ని టేపుతో కొలిచి జరుపుతాం, దెబ్బ తగిలిందో లేదో పాచికని అడుగుతాం. చదరంగంలో ఇద్దరికీ చెరో పదహారు. ఇందులో అలా కాదు. చరిత్రలో ఎవరి దగ్గర ఎంతమంది ఉంటే అంతే.

ఈ శనివారం బెంగళూరులో ఇలాంటి ఆటలాడేవాళ్ళ కన్వెన్షన్, రెండు రోజులు. ఒక్కో గుంపు ఒక్కో యుద్ధం పట్టుకొస్తుంది. తార్నాక నుంచి మేం ముగ్గురం వెళ్తున్నాం. మాది బొబ్బిలి, 1757 జనవరి 24.

సర్దడంలో సగం పని లెక్కలే. ఈస్టిండియా కంపెనీ యుద్ధాల చరిత్ర రాసిన రాబర్ట్ ఓర్మ్ చెప్పే అంకెల ప్రకారం బుస్సీ దగ్గర 750 మంది ఐరోపా సైనికులు, నాలుగు ఫిరంగులు. విజయనగరం రాజు విజయరామరాజు వెంట 11,000 మంది. కోట లోపల ఆయుధం పట్టినవాళ్ళు 250. ఒక బొమ్మ 25 మందికి లెక్క అనుకుంటే బొబ్బిలికి పది బొమ్మలు, బుస్సీకి ముప్పై, విజయనగరానికి 440! కాచిగూడలో రైలెక్కి మూడు బ్యాగుల్లో తీసుకెళ్ళాల్సిన యుద్ధం ఇది. అందుకని విజయనగరం సేనని కోట చుట్టూ కాపలా గీతలా అట్టముక్కలతో చేశాం. రబ్బరు బ్యాండు వేస్తే పేకముక్కల కట్టంత అయింది.

బొమ్మలు విరక్కుండా చేరాలంటే ఒక కిటుకుంది. అడుగున చిన్న అయస్కాంతం ఫెవిక్విక్‌తో అతికించి ఇనుప డబ్బాలో నిలబెడితే, బోర్లించినా పడవు. అయితే పెళ్ళిళ్ళలో రిటర్న్ గిఫ్టుగా ఇచ్చే స్టీలు డబ్బాలు చాలావరకు దీనికి పనికిరావు. ఆ రకం స్టెయిన్‌లెస్ స్టీలుకి అయస్కాంతం అంటుకోదు. బిస్కెట్ల రేకు డబ్బాలే దిక్కు. ఎర్ర మూత డబ్బా బొబ్బిలికి, నీలం మూత డబ్బా బుస్సీకి. కోట గోడలు థర్మాకోల్‌వి, నాలుగు ముక్కలుగా ఊడొస్తాయి. ఆకుపచ్చ ఫెల్ట్ గుడ్డ చుట్టేస్తే దుప్పటంత. పాచికలు, టేపులు, నియమాల కాగితాలు జిప్‌లాక్ కవర్లలో. గమ్ము అదనంగా రెండు, ఎందుకంటే దారిలో ఏదో ఒక చెయ్యి విరక్కుండా ఉండదు.

ఇంతవరకూ ఇంజినీరింగ్. అసలు చిక్కు వేరే ఉంది.

రెండు నెలలుగా ఆదివారం పొద్దున్నే ఓయూ క్యాంపస్‌లో, ఆర్ట్స్ కాలేజీకి ఎదురుగా చెట్ల కింద ఈ ఆటని పరీక్షిస్తున్నాం. 1939లో ప్రారంభమైన ఆ రాతి కట్టడం ముందు మా థర్మాకోల్ కోట ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. గ్రూప్స్‌కి చదువుకునే కుర్రాళ్ళు లైబ్రరీకి పోతూ ఆగి చూస్తారు. వాళ్ళకి బొబ్బిలి ఒక బిట్టు: సంవత్సరం, బుస్సీ, తాండ్ర పాపారాయుడు, అయిపోయింది. పోయిన వారం అందులో ఒకతను చాలాసేపు నిలబడి చూసి, "అన్నా, కోటల ఆడోళ్ళు, పిల్లలు ఉంటరు గదా. వాళ్ళేరి?" అన్నాడు.

మేం ముగ్గురం నెల రోజులుగా వాదించుకుంటున్నది దాని గురించే.

ఓడిపోతున్నామని తేలాక కోట లోపలి ఇళ్ళకి నిప్పు పెట్టింది శత్రువు కాదు, సొంత మగవాళ్ళే. బయటికి పరిగెత్తినవాళ్ళని పొడిచింది కూడా వాళ్ళే అని రాస్తాడు ఓర్మ్. మన బుర్రకథలూ, 1964 నాటి ఎన్టీఆర్ సినిమా బొబ్బిలిని పౌరుషానికి మారుపేరు చేశాయి. ఆ పౌరుషం నాకూ తెలుసు, చిన్నప్పుడు రోమాలు నిక్కబొడుచుకుని విన్నవాణ్ణే. కానీ పౌరుషం అనే మాటకి పాచిక ఎలా వెయ్యాలి?

మా ముగ్గురిలో ఒకడు, వదిలెయ్యమన్నాడు. ఏ రూల్‌బుక్కులోనైనా యుద్ధం గోడ దగ్గర మొదలై గోడ దగ్గరే ముగుస్తుంది, ఎవరూ అడగరు అని వాడి వాదన. నిజమే, ఎవరూ అడగరు. కానీ అప్పుడది బొబ్బిలి కాదు, ఏదో ఒక కోట. ఇంకొకడు, పాయింట్లు పెడదామన్నాడు: లోపల ఎంతమంది మిగిలితే అంత స్కోరు. ఆ రాత్రి ఎక్సెల్‌లో ఆ కాలమ్ వేసి చూశాను. హెడ్డింగ్ టైప్ చెయ్యబోతే చెయ్యి ఆడలేదు. నా మాట, బొబ్బిలి మానేసి తళ్ళికోట పట్టుకెళ్దామని. మైదానంలో సైన్యానికి ఎదురుగా సైన్యం, గొడవ లేదు.

హెచ్.జి.వెల్స్ 1913లో 'లిటిల్ వార్స్' అని బొమ్మ సైనికుల ఆటకి నియమాల పుస్తకం రాశాడు. యుద్ధాన్ని అసహ్యించుకునే మనిషి. నాలుగుసార్లు ఆడితే చాలు, అసలు యుద్ధం ఎంత తెలివితక్కువ వ్యవహారమో తెలుస్తుందని ఆయన నమ్మకం. మరుసటి ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆట మనిషిని మారుస్తుందని నేననుకోను. బల్ల ముందు కూర్చున్నవాడికి బల్ల మీద ఏముందో అదే కనిపిస్తుంది, లేనిది కనిపించదు. అంటే ఏం సర్దుతున్నామన్నదే మేం చెప్పే చరిత్ర.

దారి మళ్ళీ ఓర్మ్ దగ్గరే దొరికింది. అంతా ముగిశాక ఒక ముసలాయన ఒక పిల్లవాణ్ణి వెంటపెట్టుకుని ఫ్రెంచి అధికారి లా ముందుకొస్తాడు. వీడు రంగారావు కొడుకు, తండ్రి ఇష్టానికి వ్యతిరేకంగా కాపాడాను అంటాడు. ఆ రోజు కోటలో ఎవరి ఆజ్ఞనీ పాటించని మనిషి ఆయన.

అందుకని ఒక బొమ్మ చేశాం, ముసలాయనా చెయ్యి పట్టుకున్న పిల్లాడూ. దానికి పాయింట్లు లేవు. బొబ్బిలి ఆటగాడు దాన్ని జరపలేడు, బుస్సీ ఆటగాడు కొట్టలేడు. రైస్‌విట్జ్ ఆటలోలాగా మా ఆటలోనూ అంపైర్ ఉన్నాడు, జరిపేది అతనే. గోడ పడ్డాక ఇద్దరూ చేతులు వెనక్కి తీసుకోవాలి. లోపల ఏం జరిగిందో అంపైర్ కాగితం చూసి నాలుగు వాక్యాల్లో చదువుతాడు, ఆ బొమ్మని మెల్లగా గుమ్మం దాటిస్తాడు. గెలుపోటములు ఆ తర్వాతే చెప్తాడు.

రెండుసార్లు ఆడి చూశాం. రెండుసార్లూ గెలిచినవాడు స్కోరు ఎంతని అడగలేదు. బెంగళూరులో అడుగుతారేమో, అది వాళ్ళిష్టం.

తళ్ళికోట మ్యాపుని మళ్ళీ అటక మీద పెట్టేశాను. రెండు డబ్బాల మూతలకీ టేపు వేసేశాం. ముసలాయన బొమ్మ ఎర్ర డబ్బాలోదీ కాదు, నీలం డబ్బాలోదీ కాదు. పాత కళ్ళద్దాల పెట్టెలో దూది పరిచి పడుకోబెట్టాను. అది మాత్రం బ్యాగులో కాకుండా నా చొక్కా జేబులో వస్తుంది.