అమ్మ గదికి వెచ్చని నేల

"నువ్వు సీఎస్‌ఈ కదరా, ఆ థర్మోస్టాట్ ఏదో నువ్వే చూసి చెప్పు" అంది అక్క. మా ఇంట్లో సీఎస్‌ఈ అంటే ప్రింటర్ నుంచి ఫ్రిజ్ దాకా అన్నీ వచ్చినట్టే లెక్క.

అక్కా బావా ఇంగ్లండ్‌లో, మిల్టన్ కీన్స్‌లో ఉంటారు. ఇంటి వెనక గార్డెన్ వైపు ఒక గది కలుపుతున్నారు, 18 చదరపు మీటర్లు. పేరుకి ఎక్స్‌టెన్షన్, నిజానికి అమ్మ వెళ్తే ఉండే గది. దానికి నేల కిందే హీటింగ్ పెట్టాలని బావ పట్టు.

పోయిన చలికాలం అమ్మ అక్కడ మూడు నెలలుంది. వీడియో కాల్‌లో ఎప్పుడు చూసినా స్వెట్టర్ మీద శాలువా. "రేడియేటర్లున్నాయి కదమ్మా?" అంటే "ఉన్నాయిలే" అనేది. వీళ్లిద్దరూ ఆఫీసుకెళ్లే టైముకి హీటింగ్ ఆగిపోయేలా టైమర్ పెట్టి ఉందట. ముట్టుకుంటే ఏమవుతుందో, అల్లుడికి బిల్లెంత పడుతుందో అని అమ్మ సాయంత్రం దాకా అలాగే కూర్చునేది. ఇంటికొచ్చాక మాటల్లో ఎప్పుడో బయటపెట్టింది. అక్క ఫోన్లో ఏడ్చింది. రోజూ ఆ శాలువా చూసింది నేను కూడా.

సరే, పనిలోకి దిగా. రెండు రకాలున్నాయి. ఒకటి కరెంటుది: టైల్స్ కింద పల్చటి వైర్ల మ్యాట్. వేయడం తేలిక, ఖర్చు తక్కువ. కానీ చదరపు మీటరుకి 150 వాట్లు వేసుకున్నా మొత్తం 2.7 కిలోవాట్లు, అంటే దాదాపు మన గీజర్ ఆన్‌లో ఉన్నట్టు. గీజర్ పది నిమిషాలు ఎక్కువుంటేనే నాన్న గోల గోల చేస్తారు! పైగా అక్కడ గ్యాస్ యూనిట్ కంటే కరెంటు యూనిట్ దాదాపు నాలుగు రెట్లు.

రెండోది నీళ్లది. 16 మి.మీ. ప్లాస్టిక్ పైపు, 150 మి.మీ. ఎడంతో, మొత్తం 120 మీటర్ల వరకు. ఒకే చుట్టగా వేస్తే మరీ పొడుగు, అందుకే రెండు. కింద ఇన్సులేషన్ బోర్డు, లేకపోతే మన డబ్బుతో భూమిని వేడి చేసినట్టే. పైపుల మీద సిమెంటు, ఇసుక కలిపిన స్క్రీడ్. రేడియేటర్లకి 60 డిగ్రీల పైన నీళ్లు పంపితే, నేలకి 40 దగ్గర చాలు. కాబట్టి బాయిలర్ నీళ్లలో తిరిగొచ్చిన చల్లనీళ్లు కలిపే వాల్వ్ ఒకటి కావాలి. పాత ఇంట్లో అయితే నేలంతా తవ్వాలి. ఇక్కడ ఎలాగూ కొత్త నేలే పోస్తున్నారు కదా, ఇదే ఖాయం చేశాం. పైన టైల్స్. వేడి బాగా పాకుతుంది. అమ్మ కారణం మాత్రం రోజూ తడిగుడ్డ పెట్టుకోవచ్చని.

ఇక కంట్రోల్స్. నా ఏరియా అనుకున్నా. వైఫై థర్మోస్టాట్, యాప్, వాళ్ల ఫోన్లు ఇల్లు దాటగానే ఆఫ్, సాయంత్రం ఐదుకి ఆన్. ఫ్లోచార్ట్ కూడా గీశా. తర్వాత తెలిసిందేంటంటే, స్క్రీడ్ వేడెక్కడానికి గంటలు పడుతుంది, చల్లారడానికీ అంతే. ఐదుకి ఆన్ చేస్తే భోజనాలయ్యాకే వెచ్చబడుతుంది. అంటే పోయినేడాది టైమర్ చేసిన పనే ఈసారి నా లాజిక్ చేసేది. ఫ్లోచార్ట్ చింపేశా. ఇలాంటి నేలని పూర్తిగా ఆపకూడదు, రాత్రికి రెండు డిగ్రీలు తగ్గించి వదిలేయాలి. నేలలో సెన్సర్ కూడా పెట్టించాం, పైభాగం 29 డిగ్రీలు దాటకుండా.

అమ్మకి యాప్ ఫొటోలు చూపిస్తే, "మన ఫ్యాన్ రెగ్యులేటర్‌లా తిప్పేది ఉండదా?" అంది. ఉంది. ఆ గది ఒక్కదానికే వేరే జోన్, గోడకి గుండ్రటి డయల్, 19 నుంచి 22 మధ్యే తిరిగేలా లాక్. ఎంత తిప్పినా ఏమీ పాడవదు.

బావకి మాత్రం రోజు ఖర్చు చూపించే స్క్రీన్ గోడ మీద ఉండాలి. నేను ఒప్పుకోలేదు. ఆ అంకె కనిపిస్తే అమ్మ డయల్‌ని 19 దగ్గరే పెట్టేస్తుంది. అరగంట వాదించుకున్నాం. చివరికి గ్రాఫ్ బావ ఫోన్లోకి వెళ్లింది.

వచ్చే వారం స్క్రీడ్ పోస్తారు. 65 మి.మీ. మందం, మిల్లీమీటరుకి రోజు లెక్కనైనా ఆరడానికి రెండు నెలల పైనే. తొందరపడి హీటింగ్ ఆన్ చేస్తే పగుళ్లొస్తాయి. అమ్మ టికెట్ నవంబర్‌కి. శాలువా మాత్రం ఇప్పుడే బ్యాగులో పెట్టేసింది.