గడప దాకా తెచ్చి చూడండి

మంగళగిరిలో చీరల కొట్టుకి వెళ్లినప్పుడు గమనించే ఉంటారు. చీర నచ్చగానే వెంట వచ్చిన పెద్దావిడ దాన్ని పట్టుకుని గడప దాకా నడుస్తుంది. "ట్యూబులైటు కింద అన్నీ బాగానే ఉంటాయమ్మా, వెలుగులో చూడు" అంటుంది. మిర్చియార్డులో సరుకు రంగు చూసి ధర కట్టే ఊళ్లవాళ్లం, చీరని వదులుతామా! ఎవరికి ఏ రంగు నప్పుతుందో తేలుస్తామంటూ ఇప్పుడు ఫోన్లలో ఊరేగుతున్న 'సీజనల్ కలర్ అనాలిసిస్'లో సగం పని ఇదే.

మిగతా సగం జర్మనీలో మొదలైంది. 1919 నుంచి 1923 దాకా బౌహౌస్ కళల బడిలో పాఠాలు చెప్పిన జోహన్నెస్ ఇట్టెన్, నచ్చిన రంగులు తీసుకోమంటే పిల్లలు తమ ఒంటిఛాయకి, జుట్టుకి దగ్గరవే ఏరుకుంటున్నారని కనిపెట్టాడు. 1980లో కరోల్ జాక్సన్ రాసిన 'కలర్ మీ బ్యూటిఫుల్' పుస్తకంతో, ఛాయని బట్టి మనుషుల్ని నాలుగు రుతువులుగా విడదీసే లెక్క ఇంటింటికీ చేరింది. చర్మం అడుగున పసుపు జీర ఉంటే వసంతం, శరత్తు. నీలి జీర ఉంటే వేసవి, శీతాకాలం. నల్లజుట్టు, నల్లకళ్లు ఉన్నవాళ్లని మాత్రం చాలావరకు శీతాకాలం గంపలో వేసేశారు. ఒంగోలు ఎండల్లో మాడేవాళ్లం శీతాకాలం మనుషులమట! ఒక్క కడుపున పుట్టిన అక్కాచెల్లెళ్లకే ఛాయ కలవదు కదండీ మనకి.

అందుకే గంప సంగతి వదిలేసి తెలుపుతో మొదలుపెట్టండి. తెలుపు, బూడిద, గంధం రంగులు అందరికీ నప్పుతాయనుకుంటాం గానీ, మోసం చేసేవి అవే. బ్లీచింగ్ చెయ్యని కోరా నూలుచీర ఒకటి, నీలిమందు పెట్టి ఉతికిన తెల్లపంచె ఒకటి తీసుకోండి. పొద్దున్నే పౌడరు లేకుండా కిటికీ దగ్గర కూర్చోండి. పసుపు రాసుకున్న మొహంతో అసలే వద్దు, లెక్క తప్పుతుంది. రెండూ మార్చి మార్చి గడ్డం కింద పట్టుకుని కళ్లకింద నలుపు, పెదాల పక్క గీతలు చూడండి. కోరాతో మొహం తేటపడితే గంధం, తేనె, కాఫీపొడి రంగులు మీవి. అదే కోరా పచ్చకామెర్లు వచ్చినట్టు చూపిస్తే పావురాయి బూడిద, నేవీ బ్లూ, నలుపు వైపు వెళ్లండి. ఒకే పంచె నీలిమందుకి ముందు ఒక రుతువు, తర్వాత ఇంకో రుతువు అయిపోవడం తమాషాగా ఉంటుంది.

మంగళగిరి చీరకి ఒళ్లంతా బుటాలుండవు. అంచున జరీ గోపురాలు, మధ్యలో రంగు ఒక్కటే. కాబట్టి రంగు తప్పితే దాక్కోవడానికి చోటు లేదు. జరీ కూడా మొహం పక్కన పెట్టి చూడండి. బంగారు జరీకి వెలిగే మొహం వెండి జరీకి వాడిపోవచ్చు.

ఇప్పటికే నప్పని బూడిద చీర కొనేశారా? కంగారేం లేదు. కుచ్చిళ్లు మొహానికి దూరం, పమిట, జాకెట్టు దగ్గర. జాకెట్టు మటుకు మీకు నప్పే రంగులో కుట్టించుకోండి. మగవాళ్లకీ అంతే, ప్యాంటు ఏ రంగైనా పర్లేదు, చొక్కా దగ్గరే జాగ్రత్త.