లంకమల చెట్టు, చైనా అద్దాల పెట్టె

ధ్యాన భాగాలు: 1 రాజులు 10:11-12, నిర్గమకాండము 38:8



మా ఇంటి గూట్లో వేలెడంత రక్తచందనం ముక్క ఒకటి ఉంది. జేజి కాలంనాటిది. మొఖాన సెగ్గడ్డ లేస్తే సానరాయి మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లి, అరగదీసి పూసేవాళ్లు. మా ఇంట్లో ఎర్రచందనం అంటే అంతే.

పోయిన ఏడాది ఒక తల్లి తెల్లవారకముందే మా తలుపు తట్టింది. "అయ్యగారూ, మావాడు రాత్రి కొండకు పోయి దొరికిపోయినాడంట" అని గడపలోనే కూలబడింది. శనగ ఎండిపోయింది, బోరు ఎత్తిపోయింది, అప్పు మిగిలింది. ఒక్క రాత్రి దుంగ మోస్తే చాలని ఎవరో చెప్పినారంట. మేమిద్దరం ఆమెను వెంటబెట్టుకుని జైలుకు పోయినాం. "ఆ దుంగ యాడికి పోతాది నాయనా?" అని అడిగితే, "నాకు తెల్దు అయ్యగారూ. లారీ దాకా మోయమన్నారు, మోసినా" అన్నాడు. (ఆ తల్లీబిడ్డలు ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాం. పేర్లు అడగవద్దు.)

ఆ మాట మమ్మల్ని నిద్రపోనీలేదు. యాడికి పోతుందో తెలుసుకున్నాం. చాలా మటుకు చైనాకు. అక్కడ దాన్ని జితాన్ అంటారు. మింగ్, చింగ్ రాజుల కాలం నుండి అది గొప్పవాళ్ల చెక్క. కుర్చీలు, మంచాలు, బీరువాలే కాదు, రాణులు తల దువ్వుకునే సామాను కూడా దాంతో చేసేవాళ్లు. చిన్న చిన్న సొరుగులున్న నగల పెట్టె, పైన అద్దం నిలబెట్టే పీఠం. ఇప్పుడు ఆ పాత సామాను వేలంలో కొనేవాళ్లున్నారు, దాన్ని చూసి కొత్తవి చేయించుకునేవాళ్లూ ఉన్నారు. ఈ చెక్క సామాను కోసమే బీజింగ్‌లో 1999లో ఒక మ్యూజియం తెరిచారు.

ఆ చెట్టు లోకంలో తనంతట తాను పెరిగేది మన కడప, చిత్తూరు, నెల్లూరు, కర్నూలు, ప్రకాశం కొండల్లోనూ వాటి చుట్టుపక్కలా మాత్రమే. మంచి నేల అడగదు. రాళ్లలో, వాన సరిగా పడని చోట, ఏండ్లకేండ్లు నెమ్మదిగా పెరుగుతుంది. లోపలి ఎర్రటి చేవ నీళ్లలో వేస్తే మునిగేంత బరువు. తాతల కాలంలో మొలిచినదాన్ని ఒక్క రాత్రిలో నరికేస్తారు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. తమిళనాడు నుండి వచ్చిన కూలివాళ్లు. వాళ్లలో ఎవరూ ఆ అద్దాల పెట్టెలో మొఖం చూసుకోలేదు.

ఇప్పుడు మా తప్పు కూడా చెప్పుకోవాలి. ఆ రోజుల్లోనే ఒకాయన వచ్చి, "మందిరానికి మంచి పుల్పిట్ చేయిస్తా, రేకులు కూడా మార్పిస్తా" అన్నాడు. ఆయన డబ్బు ఏ కొండ నుండి వస్తుందో ఊరంతటికీ తెలుసు. అయినా మేము వెంటనే వద్దనలేదు. రెండు వారాలు ఊరుకున్నాం. సొలొమోను కూడా మందిరానికి చందనపు మ్రానులు తెప్పించలేదా అని మనసుకు నచ్చజెప్పుకున్నాం. అవి మన ఎర్రచందనమేనని కొందరు పండితులంటారు, కాదని కొందరు. ఏదైనా, రాజు వాటితో మందిరానికి స్తంభాలు, గాయకులకు సితారాలు చేయించాడు. కానీ ఆ మ్రానులు ఓడల్లో పగటిపూట వచ్చాయి. ఒక తల్లి కన్నీళ్ల మీదుగా రాలేదు.

మా కండ్లు తెరిపించింది నిర్గమకాండంలోని ఒక చిన్న వచనం. గుడారపు ద్వారం దగ్గర సేవచేసే స్త్రీలు తమ అద్దాలు ఇచ్చేశారు. అప్పట్లో అద్దమంటే మెరుగుపెట్టిన లోహమే కదా. వాటితో యాజకులు కాళ్లూ చేతులూ కడుక్కునే గంగాళం చేశారు. అందం చూసుకునే వస్తువు, మురికి కడుక్కునే వస్తువైంది. ఆ గంగాళం ముందు నిలబడితే మా చేతులు మాకే కనబడ్డాయి. జైలుకు పోయి ఆ బిడ్డకు బుద్ధి చెప్పి వచ్చిన మేము, అదే దందా డబ్బుతో వాక్యం చెప్పే బల్ల చేయించుకోబోయినాం.

మరుసటి రోజు పోయి వద్దని చెప్పినాం. ఆయనకు కోపమొచ్చింది. వానొస్తే మందిరం ఇంకా కారుతూనే ఉంది, మీకు తెలుసు. ఆ అబ్బాయి బెయిలు మీద వచ్చినాడు, కేసు నడుస్తోంది. ఆదివారం వెనక వరుసలో కూర్చుంటాడు. వాణ్ణి వేలెత్తి చూపొద్దు. పనికి పిలవండి. అప్పుల్లో ఉన్న ఇల్లు మీ వీధిలో ఉంటే, కొండ మేస్త్రీ కంటే ముందు మీరు ఆ తలుపు తట్టండి.

ప్రార్థన: తండ్రీ, ఈ ఎండు నేలలో రాళ్ల మధ్య చెట్టుకు చేవ పోసినవాడవు నీవే. మా బిడ్డల్లో కూడా అలాంటి చేవ పెంచు. మా చేతులు కడుగు. యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.