ఇనుప రోకలి

నా బాల్యమున కోనసీమలోని మా గ్రామమున దీపావళి మందుగుండును అంగడిలో కొనుట చిన్నతనముగా ఎంచుచుండిరి. మతాబులు, చిచ్చుబుడ్లు, సిసింద్రీలు ఇంటనే కట్టవలెను. సూరేకారమును గంధకమును అమలాపురమునుండి తెప్పించుచుండిరి. జిల్లేడుకట్టెలు కాల్చి బొగ్గు మేమే చేసికొనుచుంటిమి.

మా తాతగారికి ఆ పనియందు ఎంత ప్రీతియో పనిముట్లయందు అంత పట్టుదల. ఆయన పెట్టెలో చిన్న త్రాసు, పలుచని గుడ్డ బిగించిన జల్లెడ, కాగితపు గొట్టములు చుట్టుటకు నున్నని వెదురుపుల్ల, మందు దట్టించుటకు కొయ్యకడ్డీ, నూరుటకు కొయ్యరోకలి ఉండెడివి. ఇనుపవస్తువు ఒక్కటియు లేదు. కారణమడుగగా, "ఇనుము రాతికి తగిలితే రవ్వ పుడుతుందిరా. మందుకి అది చాలు" అనెను. పిమ్మట కళాశాలలో రసాయనశాస్త్రము చదివినప్పుడు ఆ మాటలోని అర్థము బోధపడినది. బొగ్గును గంధకమును మండునవి; మండుటకు వలయు ప్రాణవాయువును సూరేకారము తనలోనే దాచుకొనియుండును. బయటిగాలితో దానికి పనిలేదు. కావుననే ఒకసారి అంటుకొన్నచో దానిని ఆపుట మనుష్యుని తరము కాదు. తాతగారు ఆ పనిని ఎన్నడును పరుల చేతికి ఈయలేదు. ప్రమాదము తన చేతులకే పరిమితమై యుండవలెనని ఆయన నియమము.

1990లో ఆయన గతించెను. మరుసటియేడు మా అక్కగారి తొలి దీపావళి. క్రొత్త అల్లునియెదుట లోటు కనబడరాదని మా తండ్రిగారు మందు మూడింతలు చేయదలచి, నూరుడు పనికి పాలేరు కుమారుని పిలిపించిరి. అతడు నా యీడువాడు, నా తరగతివాడు. పని నడుమ కొయ్యరోకలి చీలెను. "ఇంకొకటి చూడరా" యని తండ్రిగారు కేకవేయగా, నేను పరుగున పోయి వసారాలోని ఇనుప రోకలి తెచ్చి అతని చేతికిచ్చితిని. తాతగారి మాట జ్ఞాపకము రాకపోలేదు. పని వేగముగా ముగిసిన చాలునని యూరకుంటిని. రెప్పపాటులో తెల్లని మంట లేచినది.

అతడు మూడు మాసములు ఆసుపత్రిలో ఉండెను. కుడిచేతి వ్రేళ్లు ఒకదానికొకటి అతుకుకొనిపోయినవి. మరల బడికి రాలేదు. మావారు కొంత ధనమిచ్చి ఋణము తీరినదనుకొనిరి. "కుర్రవాడు తొందరపడ్డాడు" అని ఊరందరును అనిరి. నేనును కాదనలేదు.

2025 వేసవిలో బడికి మొక్కలు కొనుటకై కడియము పోయితిని. ఒక తోటలో ఎడమచేతితో అంటుకట్టుచున్న మనిషిని చూచి గుర్తించితిని. ధైర్యము తెచ్చుకొని, రోకలి తెచ్చినది నేనేయని చెప్పితిని.

"తెలుసండీ. నా చేతికిచ్చింది మీరేగా" అనెను. కొంతసేపటికి, "ఇప్పుడూ ఇంట్లోనే కడుతున్నారాండీ?" అని అడిగెను.

"లేదు. పిల్లలకోసం కొంటున్నాము."

"అవీ ఎవరో ఒకరు నూరినవేగాండీ" అని మరల అంటు కట్టుకొనుచుండెను.

అక్టోబరు 8వ తేదీన మా ప్రాంతమునందే రాయవరము మండలములోని యొక బాణసంచా తయారీశాలలో పేలుడు సంభవించి పలువురు మరణించిరి. 1884 నాటి పేలుడు పదార్థముల చట్టము ఈ తయారీకి అనుమతిపత్రము కావలెనని శాసించుచున్నది. అనుమతిపత్రము అవసరమే గాని, అది నిప్పురవ్వను ఆపలేదు.

చదువరులారా! ఇంట మందు నూరుట మానితిమని మనము సంతసించుచున్నాము. అది మంచిదే. కాని మానినది మన చేతులు మాత్రమే. ప్రమాదము వీధి దాటి, మనమెరుగని కూలివాని ఒడిలో కూర్చున్నది. నాడు మా తండ్రిగారు చేసినదానికిని నేడు నేను రూకలిచ్చి చేయించుదానికిని భేదమేమి? నాడు కాలినవాని పేరైనను మాకు తెలియును.

ఆ యేడు దీపావళినాడు మా యింట ప్రమిదలు మాత్రమే వెలిగినవి. పిల్లలు చిన్నబుచ్చుకొని, ఏలయని అడిగిరి. ముప్పదినాలుగేండ్లుగా దాచిన మాట వారికి చెప్పితిని. మా చిన్నవాడు చాలసేపు ఊరకుండి, "ఆయన పేరేమిటి, నాన్నగారూ?" అని అడిగెను. చెప్పితిని.